ముందు ఆ బొమ్మ పంపు

తార్నాక,
ఆదివారం

చిన్నీ,

పీహెచ్‌డీకి నక్షత్రాల కరోనా (వాటి చుట్టూ ఉండే అతివేడి పొర), ఎక్స్‌రే పరిశీలన ఎంచుకున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వాడకట్టంతా స్వీట్లు పంచాం. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నీకు తొందరెక్కువ. గచ్చిబౌలి నుంచి తార్నాకకి రెండు గంటలని వంక పెట్టి ఎలాగూ రావు కనక రాసి పంపుతున్నా.

1980 ఫిబ్రవరి 16న మన రంగాపూర్ అబ్జర్వేటరీ దగ్గర సంపూర్ణ గ్రహణం పట్టినప్పుడు సూర్యుడి కరోనా కంటికే కనిపించింది. మిగతా నక్షత్రాలకి ఆ వెసులుబాటు లేదు. ఎక్స్‌రేలు గాలిని దాటి కిందికి రావు, ఉపగ్రహాలే గతి. చంద్ర, ఎక్స్‌ఎమ్‌ఎమ్-న్యూటన్ 1999లో, ఆస్ట్రోశాట్ 2015లో వెళ్లాయి. డేటా ఆర్కైవుల్లో ఊరికే దొరుకుతుంది. ఏబీ డొరాడస్ అనే నక్షత్రంతో మొదలుపెట్టు. సూర్యుడికి పాతిక రోజులు పట్టే చుట్టు అది 12 గంటల పైచిలుకులో తిరిగేస్తుంది. దాని కరోనాకి ఆ పొగరంతా ఆ వేగం వల్లే.

పరికరం కొలతల్ని సరిచేసే కాలిబ్రేషన్ ఫైళ్లు తాజావి పెట్టుకో. ఫ్లేర్ (నక్షత్రం ఒక్కసారిగా భగ్గుమనడం) సమయాన్ని మామూలు సమయంతో కలపకు. ఇవి మీ మేడమ్ చెబుతారు.

నా భయమల్లా పైలప్ గురించి, అంటే వెలుగు రేణువులు (ఫోటాన్లు) రెండు కలిసి ఒక్కటిగా లెక్కకు రావడం.

ఈ కెమెరాల్లోని సీసీడీ చిప్పు ఫ్రేములుగా చూస్తుంది. చంద్రలోని ఏసిస్ కెమెరాకి మామూలుగా ఫ్రేము 3.2 సెకన్లు. సెకనుకి ఒక్క ఫోటాన్ వచ్చినా ఫ్రేముకి మూడు, అదీ ఇంచుమించు ఒకే చోట. 1 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ శక్తి ఉన్న ఫోటాన్లు రెండు అలా పడితే, 2 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల ఫోటాన్ ఒకటి వచ్చిందని రాసుకుంటుంది. వానలో కోఠి బస్టాపు దగ్గర గొడుగులు లెక్కపెట్టి మనుషుల లెక్క చెప్పినట్టు. ఇద్దరు ఒక్కరవుతారు, ఇద్దరి బరువూ ఆ ఒక్కరి ఖాతాలో పడుతుంది.

కోటి డిగ్రీల కరోనా ఎక్కువగా ఇచ్చేది ఆ 1 చుట్టుపక్కల ఫోటాన్లనే. అవి జతకట్టి 2 దగ్గర తేలితే డేటాకి మోడల్ సరిపెట్టే ఎక్స్‌స్పెక్ సాఫ్ట్‌వేర్‌లో రెండు ఏపెక్‌లు (ఒక్కోటి ఒక్కో ఉష్ణోగ్రత ప్లాస్మా మోడల్) చాలవు. మూడోది పెడతావు, అది మూడు నాలుగు కోట్ల డిగ్రీలంటుంది. మోడల్‌కీ డేటాకీ తేడా చెప్పే కై-స్క్వేర్ ముద్దుగా దిగుతుంది. ఇలాంటి నక్షత్రాల్లో అంత వేడి ప్లాస్మా నిజంగానూ ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. నాకూ రాలేదు. ఆ కథ మీ పెద్దమ్మ నవ్వుతూ చెబుతుంది, నేను చెప్పను.

ఎక్స్‌ఎమ్‌ఎమ్ డేటా అయితే ఈప్యాట్‌ప్లాట్ నడుపు, పైలప్‌ని బొమ్మ గీసి పట్టిచ్చే ప్రోగ్రాము అది. ఒక్క పిక్సెల్‌లో పడ్డ ఈవెంట్లు, రెండింటికి పాకినవి, దేని గీత దాని మోడల్ మీద కూర్చోవాలి. ఒంటివి కిందికి దిగి జంటవి పైకి లేచాయా, పైలప్పే. అప్పుడు నక్షత్రం బొమ్మలో నడిమధ్య భాగం తీసేసి గారెలా చుట్టూ ఉన్నదే తీసుకో. చిల్లు వ్యాసార్థం 5, 10, 15 ఆర్క్‌సెకన్లు (ఆకాశంలో కోణం కొలత) పెంచుతూ ప్రతిసారీ ఫిట్ చెయ్యి. ఉష్ణోగ్రత కదలడం మానిన చోట ఆగు. ఫోటాన్లు బోలెడు పోతాయి, ఏడవకు. టెలిస్కోపు ఎంత వెలుగు పట్టుకుంటుందో చెప్పే ఏఆర్‌ఎఫ్ ఫైల్‌ని మళ్లీ ఆ గారెకే చేయించు, లేదంటే ఫ్లక్స్ (మనకి చేరే వెలుగు లెక్క) తక్కువొస్తుంది. ఎక్స్‌ఎమ్‌ఎమ్ కెమెరాల్లో, పూర్తి ఫ్రేములో మోస్‌కి 2.6 సెకన్లు, పీఎన్‌కి 73 మిల్లీసెకన్లే. రెండూ రెండు మాటలు చెబితే ముందు మోస్‌ని నిలదియ్యి.

ఆస్ట్రోశాట్ ఎస్‌ఎక్స్‌టీ టెలిస్కోపులో బొమ్మ అలుక్కుపోయి ఉంటుంది కనక ఈ బెడద తక్కువ. కానీ అది గంటన్నరకోసారి భూమిని చుట్టేస్తుంటే నక్షత్రం చాటుకి పోతుంటుంది. ఫ్లేర్ లేవడం ఆ ఖాళీలోనే అయిపోవచ్చు. ఖాళీ మీదుగా గీత గీసి ఇంత సేపట్లో లేచిందని రాశావో, ఊరుకోను.

నక్షత్రంలో ఇనుము సూర్యుడిలో ఉన్నదాంట్లో మూడో వంతే అని రాసేటప్పుడు, సూర్యుడి మూలకాల పట్టికల్లో దేనితో పోల్చావో రాయి. ఎక్స్‌స్పెక్ చెప్పకుండా తీసుకునే 1989 పట్టికలో ఇనుము 2009 దానికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ.

రాత్రి పొద్దుపోయాక ల్యాబ్ నుంచి ఒక్కదానివే ఆటో ఎక్కకు. ఫిట్ ఇప్పుడే పంపకు, ముందు ఆ ఈప్యాట్‌ప్లాట్ బొమ్మ పంపు. కళ్లద్దాలు కొత్తవి చేయించుకున్నా.

మీ పెద్దనాన్న