రోజుకి 60 కిలోమీటర్లు వద్దండి, 25 చాలు

మీ ఆవిడకి సైకిల్ అలవాటు తప్పింది, ఫ్రాన్స్‌లో బ్లువా నుంచి తూర్ దాకా రోజుకి 60 కిలోమీటర్లు తొక్కగలరా అని అడిగారు కదా, అసలంత తొక్కాల్సిన పనే లేదండి. లువార్ నది పక్కన దారి చాలావరకు చదునే, మధ్యలో షోమో అనే ఊరు దాటాక కాస్త ఎక్కుడు ఉంటుంది అంతే. మొదటి రాత్రి షోమోలో, రెండోది అంబువాజ్‌లో ఆగండి, చిత్రకారుడు డావిన్చీ 1519లో చనిపోయేదాకా ఉన్న ఇల్లు అక్కడే, అది చూడ్డానికే ఒక పూట కావాలి. పడమటి గాలి ఎదురుకొడితే మాత్రం చదును దారిలో కూడా కాళ్ళు పీకేస్తాయి, మరీ అలిసిపోతే సైకిళ్ళతో సహా లోకల్ రైలెక్కేయండి, ఏం తప్పులేదు. ఆదివారం మధ్యాహ్నం పల్లెల్లో కొట్లు చాలావరకు మూసేస్తారు, మేం ఓసారి బిస్కెట్లతో సరిపెట్టుకున్నాం, పొద్దున్నే బ్రెడ్డూ చీజూ కొని బ్యాగ్‌లో పడేయండి.