స్ఫిగ్మోమానోమీటర్ నోరు తిరగాలంటే

అల్లుడూ,

నిన్న ఫోన్లో ఓటోరైనోలారింగాలజీ (అదే, ఈఎన్‌టీ) దగ్గర మూడుసార్లు తడబడ్డావు, వైవాలోనూ ఇలాగే అయితే ఎలా అని టెన్షన్ పడ్డావు కదా, అందుకే రాస్తున్నాను. నర్సింగ్ మొదటి ఏడాదిలో నేనూ స్ఫిగ్మోమానోమీటర్ అనబోయి సగంలో "బీపీ మిషనండీ" అనేశాను. ఎగ్జామినర్ నవ్వారు, మార్కు మాత్రం వేయలేదు.

నువ్వు చేస్తున్న పొరపాటు ఒకటే. అర్థం కోసం విడదీయడం వేరు, పలకడానికి విడదీయడం వేరు. "మేనల్లుడు" తీసుకో, నువ్వేగా! సంధి విడదీస్తే మేన, అల్లుడు. నోటితో అంటే మే-నల్-లు-డు, మేనలో ఉన్న 'న' కాస్తా అల్లుడి పక్కకి పోయింది. గ్రీకు మాటలూ అంతే. గ్యాస్ట్రోఎంటరాలజీ తీసుకో. గ్యాస్టర్ అంటే పొట్ట, ఎంటెరాన్ అంటే పేగు, చివర లోజియా అంటే శాస్త్రం, మధ్యలో రెండు చోట్ల అతుకు వేయడానికి 'ఓ'. పలికేటప్పుడు మాత్రం గ్యాస్-ట్రో-ఎన్-ట-రా-ల-జీ, 7 సిలబుల్స్. ఆ 'రా'లో ఎంటెరాన్ ముక్కా ఉంది, అతుకూ ఉంది.

అసలు ఇది నీకు తెలియకుండానే వచ్చు. జ్వరం చూసేదాన్ని మన ఇంట్లో ఎవరైనా థర్మో, మీటర్ అని విడగొట్టి అంటారా? థర్-మా-మీ-టర్ అంటారు. స్ఫిగ్మోస్ అంటే నాడి, మానోమీటర్ ఒత్తిడి కొలిచేది. వార్డుల్లో అందరం మానో, మీటర్ అని విడిగానే లాగిస్తాం గానీ, డిక్షనరీ పలుకు స్ఫిగ్-మో-మ-నా-మి-టర్.

వెనక నుంచి లెక్కపెట్టు. ఆలజీ, ఆమిటర్, ఆగ్రఫీ తరహా మాటల్లో చివరి నుంచి మూడో సిలబుల్ మీద గొంతు ఎత్తాలి: పైవాటిలో 'రా', 'నా'. వాపుని చెప్పే ఐటిస్‌కి ఈ లెక్క కుదరదు, గ్యాస్ట్రైటిస్‌లో అతుకు 'ఓ' కూడా ఎగిరిపోతుంది, 'ట్రై' మీదే ఒత్తు.

సాయంత్రం కొత్తపేట వైపు వెళ్తే డాక్టర్ల బోర్డులు చదువుతూ నడువు, గుంటూరులో అంతకన్నా మంచి క్లాస్ లేదు. ఆఫ్తాల్మాలజీలో, అంటే కళ్ళ వైద్యంలో, ఇంగ్లీష్ స్పెల్లింగ్‌లో పి తర్వాత హెచ్ మింగేసిన బోర్డు కనిపిస్తే నవ్వుకో, నువ్వు మాత్రం అలా రాయకు.

ఓటోరైనోలారింగాలజీ నేను విడదీయను, చెవి, ముక్కు, స్వరపేటిక అని గుర్తుపెట్టుకుని నువ్వే విడదీసి వాయిస్ మెసేజ్ పెట్టు. 9 సిలబుల్స్ రావాలి, 8 వస్తే మధ్యలో ఏదో మింగేశావన్నమాట.

మీ అత్త