పిల్లల మాటలు రాసేటప్పుడు

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ చదివాను. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కూర్చున్న నాలుగేళ్ళ పిల్లాడు "మనమంటే ఇష్టముంటే దేవుడు ఇంతసేపు కూర్చోబెడతాడా?" అంటాడు. మాట బాగుంది, కానీ అది నీ మాట. ఆ వయసువాడు అలా ఎత్తిపొడవడు. దేవుడు స్నానం చేస్తున్నాడేమో, అందుకే తలుపు తీయలేదు అంటాడు. నిజంగా నమ్మి అంటాడు.

పిల్లలు నవ్వించడానికి మాట్లాడరమ్మా. తమకు తెలిసిన నాలుగు సంగతులు పట్టుకుని లెక్క కడతారు. లెక్కలో తప్పుండదు, తెలిసిన సంగతులే తక్కువ. ఆ లెక్క ఎలా కట్టారో పట్టుకుంటే కథ దొరికినట్టే.

ఒక వెన్నెల రాత్రి అలిపిరి నుంచి కొండెక్కే బస్సులో నా ముందు సీట్లో ఒక అవ్వ, మనవడు కూర్చున్నారు.

"అవ్వా, చందమామ గూడా మన బస్సెనకాలే వస్తాండాడు."

"వస్తాడులే నాయనా."

"ఆయప్పకు టికెట్ తీసినావా?"

"ఆయప్పకు టికెట్ లేదు."

"నాకూ లేదు గదా. ఆయప్పకు గూడా ఐదేండ్లు నిండలేదా?"

ఐదేళ్ళు నిండని పిల్లలకు ఆర్టీసీ బస్సులో టికెట్ ఉండదు. ఆ సంగతి వాడు అప్పుడే విన్నాడు. చందమామ వెంట రావడం కళ్ళారా చూస్తున్నాడు. రెండూ కలిపితే వచ్చే జవాబు అదే. అవ్వ నవ్వలేదు, "నిండలేదేమోలే" అంది. అందుకే వాడి కబుర్లు ఘాట్ రోడ్డు పొడుగునా సాగాయి. నీ కథలో పిల్లాడు నోరు తెరిచినప్పుడల్లా పెద్దవాళ్ళు పడిపడి నవ్వుతున్నారు. అవన్నీ కొట్టెయ్. నవ్వడం చదివేవాళ్ళ వంతు.

వయసు కూడా చూసుకో. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాఁ పియాజే ఒకేలాంటి రెండు వెడల్పాటి గ్లాసుల్లో సమానంగా నీళ్ళుంచి, ఒకదానిలోని నీళ్ళను పిల్లల ఎదుటే సన్నటి పొడుగు గ్లాసులో పోయించి, ఇప్పుడు ఎందులో ఎక్కువున్నాయని అడిగేవాడు. ఆరేడేళ్ళలోపు పిల్లలు ఎక్కువగా పొడుగు గ్లాసునే చూపించేవారు. మన ఇళ్ళలో లడ్డూ దగ్గర జరిగేదీ ఇదే. సగం లడ్డూ చాలదని ఏడ్చేవాడికి అదే సగాన్ని మూడు ముక్కలు చేసిస్తే "నాకు మూడు!" అని ఎగురుకుంటూ పోతాడు. పదేళ్ళవాడి చేత ఆ మాట అనిపిస్తే ఎవరూ నమ్మరు.

విన్నది ఆ రోజే, విన్నట్టే రాసుకో. తెల్లారేసరికి 'వస్తాండాడు' కాస్తా 'వస్తున్నాడు' అయిపోతుంది. పెద్దవాళ్ళు ఏం అడిగారో కూడా రాసుకో, అది లేకపోతే జవాబుకు అర్థముండదు. ఫోన్ మాత్రం బయటికి తీయకు. వీడియో అనగానే పిల్లలు యాక్షన్ మొదలుపెడతారు.

సంక్రాంతికి చిత్తూరు పోతావు కదా. మీ అక్క కూతురు ఏం చెప్పినా సరిదిద్దకుండా "అట్లనా, తర్వాత?" అని అడుగుతూ ఉండు. వచ్చాక ఆ క్యూ భాగం తిరగరాసి పంపు. చదవాలని ఉంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు