ముందు రంగు, తర్వాతే వెలుగు

మండపంలో తీసిన ఫోటోలు పసుపెక్కి, ముఖాలు చీకటిగా వచ్చాయని, జింప్ అనే ఉచిత ఫోటో ఎడిటర్‌లో బ్రైట్‌నెస్ పెంచితే తెల్ల పంచె మొత్తం వెలిసిపోయిందని రాశారు కదండీ. ఆ స్లైడర్ వదిలేయండి. అది నీడల్నీ వెలుగుల్నీ కలిపి పైకి లాగేస్తుంది.

ముందు రంగు చూడండి. కలర్స్ మెనూలో లెవెల్స్ తెరిస్తే, ఫోటోలోంచి రంగును ఎంచుకునే మూడు డ్రాపర్లు ఉంటాయి. వాటిలో గ్రే పాయింట్ డ్రాపర్‌తో (ఏది రంగు లేని బూడిద అనుకోవాలో చెప్పేది ఇదే) పంచెలో నీడ పడిన మడత మీద క్లిక్ చేయండి. జరీ అంచు మీద వద్దు, బాగా మెరిసే చోట అసలే వద్దు. వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పసుపెక్కుతుంది. ఫిలమెంట్ బల్బు వెలుగు దాదాపు 2700 కెల్విన్, పగటి వెలుగు 5500 దగ్గర. ఆ తేడా వల్లే ఈ పసుపు. అలాగని పూర్తిగా తీసేయకండి, తలంబ్రాలు పాలిపోతే పెళ్లి కళే పోతుంది.

తర్వాత అదే మెనూలో కర్వ్స్ తెరిచి, షిఫ్ట్ నొక్కి ఫోటోలో ముఖం మీద క్లిక్ చేయండి. కర్వ్స్ కిటికీలోని గీత మీద ఒక చుక్క పడుతుంది. పంచె మీద కూడా అలాగే ఇంకో చుక్క పెట్టి దాన్ని కదపకుండా ఉంచండి. ముఖం చుక్కను మాత్రం కొద్దికొద్దిగా పైకి జరపండి. మామూలు జేపెగ్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి వెలుగులో 256 మెట్లే కాబట్టి ఎక్కువ లాగితే చర్మం మీద చారలు తేలతాయి. రా ఫైళ్లు (కెమెరా కుదించకుండా దాచిన అసలు ఫైళ్లు) ఉంటే మాత్రం, వాటి కోసమే ఉన్న డార్క్‌టేబుల్ అనే సాఫ్ట్‌వేర్‌లోనే మొదలుపెట్టండి.