పెద్దాయన సంతకాలు పెట్టి పోయారు, బండి కొనొచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. రొయ్యల గుంటలకు మేత బస్తాలు తోలడానికి, పట్టుబడి రోజుల్లో సరుకును ఐస్ బాక్సుల్లో పెట్టి ప్లాంటుకు చేర్చడానికి ఇన్నాళ్లూ బాడుగ బండ్లే దిక్కు. సొంతంగా ఒక సెకండ్ హ్యాండ్ పికప్ కొందామని వెతుకుతుంటే కావలిలో ఒకాయన దగ్గర 2016 మోడల్ బొలేరో పికప్ దొరికింది. రూ.4,20,000కు బేరం కుదిరింది. బ్రోకరు చేతికి రూ.30,000 బయానా ఇచ్చాను. ఆర్‌సీ మాత్రం చీమకుర్తి వైపు ఒక పెద్దాయన పేరు మీద ఉంది. కావలి ఆయన రెండేళ్ల కిందట ఆయన దగ్గర కొని, పేరు మార్పించుకోకుండానే తిప్పుకుంటున్నాడు. ఆ పెద్దాయన ఈ మధ్య చనిపోయారు. ‘ఏం పర్లేదు, ఫారాల మీద ఓపెన్ సంతకాలు పెట్టి పోయాడు, తేదీ మనం వేసుకుంటే చాలు’ అంటున్నాడు బ్రోకరు. ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఇంకా కనిపిస్తోంది, లోన్ ఎప్పుడో తీరిపోయిందంటున్నారు. ఇన్సూరెన్స్ ఇంకా ఐదు నెలలుంది. ఈ బండి కొనొచ్చా? నా దగ్గర ఉన్నది కారు లైసెన్సే, అది చాలుతుందా?

జవాబు: లైసెన్సు సంగతి ముందు తేల్చేద్దాం. చాలుతుంది. లోడుతో కలిపి బండి మొత్తం బరువు 7,500 కిలోలు దాటకపోతే మీ దగ్గరున్న ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతోనే సరుకు బండి నడపవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. అదే మాటను ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న ఖాయం చేసింది. మీ పికప్ అందులో సగం కూడా ఉండదు. ఆర్‌సీలో రాసిన ఆ మొత్తం బరువు 3,000 కిలోల లోపైతే పర్మిట్ గొడవ కూడా లేదు. మోటారు వాహనాల చట్టం 66వ సెక్షనే దానికి మినహాయింపు ఇచ్చింది.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ‘సంతకాలు పెట్టి పోయాడు’ అన్న మాట. బ్రోకరు దాన్ని ధైర్యం చెప్పడానికి అన్నాడు. నాకు మాత్రం ఈ బేరంలో భయపడాల్సింది అదే అనిపించింది.

ఓపెన్ సంతకాలంటే ఏమిటో ఒకసారి దగ్గరగా చూడండి. బండి అమ్మినట్టు అమ్మినవాడు ఆర్టీవోకు ఇచ్చే నోటీసు ఫారం 29. పేరు మార్చమని పెట్టే దరఖాస్తు ఫారం 30. రెండింటి మీదా అమ్మినవాడి చేత సంతకం పెట్టించి, కొనేవాడి పేరు, తేదీ ఖాళీగా వదిలేస్తారు. ఆ కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి డ్యాష్‌బోర్డులో పడేస్తారు. బండి ఎంతమంది చేతులు మారితే కవరు కూడా అంతమంది చేతులు మారుతుంది. ఎవరికీ ఖర్చు లేదు. చట్టం మాత్రం, బండి అదే రాష్ట్రంలో ఉంటే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీవోకు చెప్పాలంటుంది. కావలి ఆయన రెండేళ్లుగా చెప్పలేదు.

ఇప్పుడు ఆ పెద్దాయన లేరు. ఆయన సంతకం పక్కన మీరు నేటి తేదీ వేస్తే, చనిపోయిన మనిషి ఈ నెలలో బండి అమ్మినట్టు ఒక కాగితం తయారు చేసినట్టే. దాన్ని ఆర్టీవో ఆఫీసులో దాఖలు చేసేది బ్రోకరు కాదు, మీరు. రేపు ఆయన కొడుకో కూతురో ఒక అర్జీ పడేస్తే ఫోర్జరీ, ఫోర్జరీ కాగితాన్ని నిజమని వాడటం అంటూ భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్లలో ఇరుక్కునేది మీ పేరే. పాత తేదీ వేద్దామంటారేమో, అది ఇంకో తప్పు. అయినా ఆన్‌లైన్ దరఖాస్తులో అమ్మేవారి ఆధార్‌కు ముడిపడ్డ ఫోన్‌కు ఓటీపీ వెళ్తే దాన్ని ఎవరు చెబుతారు? ‘ఆయన సిమ్ మా దగ్గరే ఉంది’ అని ఒక బ్రోకరు నా ఎదుటే అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కావలి ఆయన పూర్తిగా మోసగాడని నేననను. డబ్బులిచ్చి, బండి తోలుకెళ్లి, సంతకాలు తీసుకున్నాడు. వస్తు విక్రయ చట్టం ప్రకారం వాళ్లిద్దరి మధ్య అమ్మకం జరిగినట్టే లెక్క, బండి ఆయనదేనని వాదించవచ్చు. కానీ ఆ వాదన కోర్టులో చేయాలి, సాక్ష్యం పెట్టాలి. ఆర్టీవో కౌంటరు దగ్గర అది చెల్లదు. యాక్సిడెంట్ కేసులోనూ చెల్లదు. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయమే తేల్చింది. కారు ఒకరి నుంచి ఒకరికి నాలుగు చేతులు మారినా, రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉందో ఆయనే చట్టం దృష్టిలో ఓనరని, నష్టపరిహారం ఆయనే కట్టుకోవాలని చెప్పింది. మీ బండి విషయంలో ఆ ఓనరు చనిపోయిన మనిషి. రేపు మీ చేతిలో ఉండగా బండి ఎవరికైనా తగిలితే నోటీసులు చీమకుర్తిలో ఆ కుటుంబం ఇంటికి పోతాయి. ఆ ఇంట్లో ఆడవాళ్లు ఆ కాగితం పట్టుకుని మీ ఊరికి వస్తారు.

‘ఇన్సూరెన్స్ ఉంది కదా’ అంటారు. అది పెద్దాయన పేరు మీద ఉన్న పాలసీ. బండి చేతులు మారితే పాలసీ కొత్త ఓనరుకు మారినట్టే భావించాలని మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ చెప్పేది మూడో వ్యక్తికి జరిగిన నష్టం వరకే. మీ బండికే దెబ్బ తగిలితే, దొంగతనం జరిగితే, ఆ ఓన్ డ్యామేజీ డబ్బు దానంతటది మీకు రాదని సుప్రీంకోర్టు 1996లోనే కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో చెప్పింది. పేరు మారిన 14 రోజుల్లో కంపెనీకి రాసి పాలసీ మీ పేరు మీదికి మార్పించుకోవాలి. ఆర్‌సీయే మారనప్పుడు పాలసీ ఎట్లా మారుతుంది?

కాబట్టి బండి నచ్చితే కొనండి, కానీ పెద్దాయన వారసుల దగ్గర కొనండి. దారి ఇదీ. ఓనరు చనిపోతే వారసులు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి, మూడు నెలల్లో ఫారం 31 పెట్టి పేరు మార్పించుకోవాలి. గడువు దాటినా తలుపు మూసుకుపోదు, అపరాధ రుసుము కట్టి చేయించుకోవచ్చు. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులు ఒప్పుకుంటున్నట్టు అఫిడవిట్ కావాలి. ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోండి. హిందువు వీలునామా రాయకుండా పోతే భార్యా పిల్లలతో పాటు తల్లికి కూడా వాటా ఉంటుంది. అమ్మ బతికి ఉంటే ఆమె వేలిముద్ర కూడా పడాలి. పెళ్లయిన కూతురు బెంగళూరులో ఉందని వదిలేయొద్దు. వారసుల్లో ఒకరి పేరు మీదికి బండి వచ్చాక, వాళ్లు కొత్త ఫారం 29, 30 మీ ఎదుట సంతకం పెట్టి మీకు బదిలీ చేస్తారు. ఏపీ 27 నంబరు అలాగే ఉంటుంది. ఒంగోలు నుంచి నెల్లూరుకు వచ్చినంత మాత్రాన నంబరు మారదు.

అయితే వాళ్లెందుకు సంతకం పెడతారు? వాళ్ల నాన్న ఎప్పుడో డబ్బు తీసుకున్నాడు. వాళ్లకు రూపాయి రాదు. అందుకే కావలి ఆయన్ను ముందు పెట్టండి. ‘రెండేళ్ల కిందట మా నాన్న ఈ బండి ఫలానా వారికి అమ్మి పూర్తి సొమ్ము తీసుకున్నాడు, మాకు అభ్యంతరం లేదు’ అని వారసులు, కావలి ఆయన, మీరు ముగ్గురూ ఒకే అగ్రిమెంటు మీద సంతకాలు చేయండి. బండి పేరు వాళ్ల మీద ఉన్నంతకాలం యాక్సిడెంట్ కేసు వాళ్ల మెడకే చుట్టుకుంటుందని నెమ్మదిగా చెప్పండి. నా అనుభవంలో డబ్బు కంటే ఆ మాటే పని చేస్తుంది.

ఫైనాన్స్ విషయం. లోన్ తీరిందన్న నోటి మాట వద్దు. ఆర్‌సీలో హైపోథికేషన్ (బండి లోన్ కింద తాకట్టులో ఉన్నట్టు ఫైనాన్స్ కంపెనీ పేరు) ఉన్నంతకాలం అదే చట్టం 51వ సెక్షన్ ప్రకారం ఫైనాన్స్ కంపెనీ ఒప్పుకోకుండా ఆర్టీవో పేరు మార్చడు. కంపెనీ ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), తాకట్టు తీరినట్టు తెలిపే ఫారం 35 చేతికి రావాలి. ఆ కంపెనీ బ్రాంచికి మీరే వెళ్లి లోన్ నంబరు చెప్పి అడగండి. బ్రోకరు ఫోన్లో చూపించే ఎన్ఓసీ ఫొటోను నమ్మొద్దు. ఒక లోన్ తీరినా, అదే మనిషి వేరే లోన్‌కు జామీను ఉన్నాడని ఎన్ఓసీ ఆపిన సందర్భాలు చూశాను.

రవాణా శాఖ పరివాహన్ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), టాక్సు, చలాన్లు, బ్లాక్‌లిస్ట్ చూసుకోండి. 2016 బండికి ఎనిమిదేళ్లు దాటాయి గనుక ఎఫ్‌సీ ఏటా చేయించాలి. ఎఫ్‌సీ లేని సరుకు బండికి రిజిస్ట్రేషన్ లేనట్టే చట్టం చూస్తుంది. వీటికి రెండు నిమిషాలు చాలు. కానీ వెబ్‌సైట్‌లో ఎక్కనిది ఒకటుంది, మన జిల్లాల్లో దాన్ని పట్టించుకోకపోతే మునిగిపోతాం. ఇక్కడ పికప్‌లు రేషన్ బియ్యం తోలుతూ పట్టుబడతాయి, రాపూరు, ఉదయగిరి అడవుల నుంచి ఎర్రచందనం తోలుతూ పట్టుబడతాయి. బియ్యం కేసులో నిత్యావసర వస్తువుల చట్టం 6ఏ కింద, దుంగల కేసులో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 44వ సెక్షన్ కింద బండినే స్వాధీనం చేసుకోవచ్చు. కేసు తేలేలోపు కొన్ని బండ్లను బాండు రాయించుకుని ఓనరుకు తాత్కాలికంగా అప్పగిస్తారు. అట్లాంటి బండిని అడిగినప్పుడు హాజరుపరచాలి, అమ్మకూడదు.

ఒకసారి ఒక క్లయింటు అట్లాంటి బండే కొని నా దగ్గరికొచ్చాడు. చౌకగా వచ్చిందని ఎగిరి గంతేశాడు, పదకొండు నెలలు నిమ్మకాయల లోడు తోలాడు. ఒకరోజు బండిని హాజరుపరచమని కబురొచ్చింది. బండి పోయింది, ఇచ్చిన డబ్బు కోసం అమ్మినవాడి మీద దావా వేశాం. కాబట్టి కావలిలోనూ చీమకుర్తిలోనూ స్టేషనుకు పోయి నంబరు చెప్పి అడగండి. మొహమాటం వద్దు.

బండిని కూడా ఒకసారి లాయరు కళ్లతో చూడండి. రొయ్యల సరుకు తోలిన బండైతే ఐస్ కరిగిన ఉప్పు నీళ్లు తొట్టి కిందికి కారి చాసిస్‌ను తినేస్తాయి. చీమకుర్తి బండి గనుక గ్రానైట్ ముక్కలు మోసి ఉండొచ్చు. తొట్టి కింద దూరి, వెనక కమాన్ కట్టలు (స్ప్రింగ్ పట్టీలు) బిగించే చోట చాసిస్ మీద వెల్డింగ్ మచ్చ ఉందేమో టార్చి వేసి చూడండి. కట్టలో కొత్తగా పట్టీలు కలిపారేమో లెక్కపెట్టండి. చాసిస్ నంబరు మీద కిరోసిన్ గుడ్డతో రుద్ది, తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో ప్రింటు తీయండి. అంకెలు ఎగుడుదిగుడుగా ఉంటే లేచి వచ్చేయండి.

ఇందులో చట్టం ఎక్కడుందంటారా? వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం వాడిన సరుకు కొనేటప్పుడు చూసుకోవాల్సిన బాధ్యత మామూలుగా కొనేవాడిదే. అమ్మేవాడు నోరు మెదపకుండా ఊరుకుంటే అది మోసం కిందికి రావడం కష్టం. కానీ ‘చాసిస్‌కు వెల్డింగ్ లేదు, ఇంజిన్ మార్చలేదు, మీటరు తిప్పలేదు, ఏ కేసులోనూ లేదు’ అని అగ్రిమెంటులో రాసి సంతకం పెట్టాడనుకోండి, అబద్ధమని తేలితే ఒప్పందం రద్దు చేసుకుని డబ్బు తిరిగి అడిగే హక్కు మీకు వస్తుంది. ఈ నాలుగు మాటలు రాయమంటే కొందరి ముఖం మారిపోతుంది. దాన్ని బట్టి కూడా కొంత తెలుస్తుంది.

కన్స్యూమర్ కమిషన్‌కు పోవచ్చా అని తర్వాత ఎలాగూ అడుగుతారు. మీరు బతుకుదెరువు కోసం సొంతంగా నడుపుకునే బండి గనుక మీ వైపు నుంచి అడ్డు లేదు. కానీ కావలి ఆయన వ్యాపారి కాదు, తన బండి తాను అమ్ముకుంటున్నాడు. ఆయన మీద సివిల్ కోర్టే దారి. సెకండ్ హ్యాండ్ బండ్ల షోరూమ్‌లో కొని ఉంటే కథ వేరు. 2023 ఏప్రిల్ నుంచి అలాంటి డీలర్లు ఆర్టీవో దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలి. ఓనరు బండి అప్పగించినట్టు ఆన్‌లైన్‌లో తెలిపాక డీలరునే ఓనరుగా భావిస్తారు.

మీ రూ.30,000 గురించి. ఆర్‌సీ ఓనరు బతికి లేడన్న సంగతి బయానా తీసుకునే ముందు మీకు చెప్పారా, తర్వాత చెప్పారా? దాన్ని బట్టే మీ బలం. ముందు చెప్పకపోతే బ్రోకరుకీ, కావలి ఆయనకీ ఇద్దరికీ రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. వారసుల చేత పేరు మార్పించి ఇవ్వండి, లేదా ఫలానా తేదీలోపు బయానా వాపసు ఇవ్వండి అని. ఫోన్‌పేలో పంపి ఉంటే ఆ స్క్రీన్‌షాట్, చేతికిచ్చి ఉంటే అక్కడున్న వాళ్ల పేర్లు రాసి పెట్టుకోండి. ముప్పై వేల కోసం దావా వేయడం కంటే న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ (దావాకు ముందే పెట్టే) అర్జీ పెట్టి లోక్ అదాలత్‌లో కూర్చోవడం మేలు. కోర్టు ఫీజు లేదు, అక్కడ కుదిరిన రాజీ డిక్రీతో సమానం.

బేరం ముందుకు సాగితే డబ్బు విడతలుగా ఇవ్వండి. వారసుల పేరు మీద ఆర్‌సీ వచ్చాక కొంత, మీ పేరు మీద దరఖాస్తు పెట్టాక కొంత, పరివాహన్‌లో మీ పేరు కనిపించాక మిగతాది. అంతవరకూ బండిని ఇంటికి తోలుకురావద్దు. ‘పట్టుబడి దగ్గర పడింది, ఒక్క ట్రిప్పు వేసి ఇచ్చేయండి’ అని కావలి ఆయనే తాళం చేతిలో పెట్టినా సరే.