పికప్ ట్రక్కు మిస్సింగ్ కొడుతోంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతోంది: ముందు ఏం చూడాలి?

డాలస్ దగ్గర ఉంటున్న ఒక తమ్ముడు అడిగాడు. పాత ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు కొన్నాడు, 5.4 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్. సిగ్నల్ దగ్గర ఆగితే బండంతా వణుకుతోందట, ఫ్రీవే ఎక్కేటప్పుడు లాగడం లేదట, పైగా చెక్ ఇంజన్ లైటు. షాపువాళ్లు ఎనిమిది కాయిల్సూ (స్పార్క్ ప్లగ్గులకి కరెంటు ఇచ్చేవి) మార్చాలన్నారు, మార్పించమంటారా అని సందేహం.

ఇప్పుడే ఒప్పుకోకు తమ్ముడూ. ముందు ఆ లైటు ఎలా వెలుగుతోందో చూడు. నిలకడగా ఉంటే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకుండా నెమ్మదిగా ఇంటికి చేరుకోవచ్చు. ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం పక్కకు తీసి ఆపెయ్యి. సిలిండర్‌లో మండని పెట్రోలు పొగ గొట్టంలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, ఆ వేడికి దాని లోపలి భాగం కరిగిపోతుంది. కాయిల్‌కి పదుల డాలర్లతో సరిపోతుంది. కన్వర్టర్ పోతే వందలు, ఒక్కోసారి వేలు. ఇల్లు రెండు ఎగ్జిట్ల దూరమే కదా అని లాగించొద్దు, టోయింగ్ పిలువు. నీ ఇన్సూరెన్స్‌లోనే రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో చూసుకో, కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది అది చూసుకోరు.

తర్వాత బండి కంప్యూటర్‌లో నమోదైన తప్పు నంబర్, అంటే కోడ్, చదివించు. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మిన ప్రతి కారుకీ పికప్‌కీ ఆ కోడ్‌లు ఇచ్చే ఓబీడీ-2 అనే వ్యవస్థ ఉంటుంది. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ కనిపిస్తుంది. ఆటోజోన్ లాంటి విడిభాగాల దుకాణాల్లో చాలాచోట్ల ఉచితంగానే చదివిపెడతారు. వాళ్లు చెప్పిన నంబర్ రాసుకో, అక్కడికక్కడే పార్టు మాత్రం కొనకు. ఇంజన్‌లో ఏ తేడా కనబడిందో కోడ్ చెబుతుంది, అంతవరకే. దానికి కారణం ఏమిటో మనమే తేల్చుకోవాలి.

పి0300 అంటే మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం, మనం మిస్సింగ్ అనేది) ఫలానా సిలిండర్‌లోనే అని తేలలేదు. పి0301 నుంచి పి0308 వరకు చివరి అంకె సిలిండర్ నంబర్. ఫోర్డ్ వీ8లో ప్యాసింజర్ వైపు ముందు నుంచి వెనక్కి 1 నుంచి 4, డ్రైవర్ వైపు 5 నుంచి 8. షెవ్రొలే వీ8లో లెక్క వేరు, డ్రైవర్ వైపు బేసి సంఖ్యలు, అటువైపు సరి సంఖ్యలు.

నీకు పి0306 వచ్చిందనుకో. ఇంజన్ పూర్తిగా చల్లారాక డ్రైవర్ వైపు ముందు నుంచి రెండో కాయిల్ కనెక్టర్ ఊడదియ్యి. పాత బండిలో ఆ ప్లాస్టిక్ లాక్ పెళుసెక్కి ఉంటుంది, వేలితో నెమ్మదిగా నొక్కాలి. చిన్న బోల్టు విప్పి, కాయిల్‌ని అటూ ఇటూ కాస్త తిప్పుతూ పైకి లాగు. పక్కనున్న 5వ సిలిండర్ కాయిల్‌తో మార్చి బిగించి, స్కానర్‌తో కోడ్ చెరిపి కాసేపు నడుపు. ఈసారి పి0305 వస్తే కాయిలే పోయింది, ఆ ఒక్కటే కొను. మళ్లీ పి0306 వస్తే కాయిల్ బాగానే ఉంది. ప్లగ్గు, ఇంజెక్టర్, కంప్రెషన్ వరసగా చూడాలి. కాయిల్ తీసిన గుంతలో నీళ్లో ఆయిలో కనిపిస్తే అదే కారణం కావచ్చు.

ప్లగ్గులు మాత్రం నువ్వు విప్పకు. 2004 నుంచి 2008 దాకా వచ్చిన 5.4 మూడు వాల్వుల ఇంజన్లలో ప్లగ్గు కింది భాగం మసిపట్టి బిగుసుకుపోయి, విప్పుతుంటే ఒక్కోసారి విరిగి లోపలే ఉండిపోతుంది. ఈ ఇంజన్ మీద చేసి చెయ్యి తిరిగిన మెకానిక్‌కే ఇవ్వు. విరిగితే ఖర్చు ఎవరిదో ముందే అడిగి ఎస్టిమేట్‌లో రాయించు.

ఐడిల్‌లోనే, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడే, వణికి, రేస్ చేస్తే సాఫీ అవుతుంటే నేనైతే ముందు గాలి లీకు వెతుకుతాను. పి0171, పి0174 (ఇంజన్ రెండు వైపులా పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని అర్థం) రెండూ కలిసి వస్తే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. ఇంజన్ ఆన్‌లో ఉండగా వ్యాక్యూమ్ గొట్టాల దగ్గర చెవి పెట్టు, సుయ్‌మని చప్పుడు వస్తుందేమో. బెల్టుకీ ఫ్యానుకీ దూరంగా ఉండు. లీకు లేకపోతే ఇంజన్‌లోకి పోయే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్‌ని దానికోసమే అమ్మే స్ప్రేతో శుభ్రం చెయ్యి. వేరే ఏదీ వాడకు.

డాలస్‌లో చాలా పెట్రోలు బండ్లకు ఎమిషన్ టెస్ట్ (పొగ పరీక్ష) ఉంది. కోడ్ చెరిపిన వెంటనే పోతే సిస్టమ్ సిద్ధంగా లేదని తిప్పి పంపేస్తారు. రిపేరయ్యాక కొన్నాళ్లు సిటీలోనూ ఫ్రీవే మీదా మామూలుగా నడిపి, అప్పుడు వెళ్లు.