క్యారియర్ లైటు వెలిగినా స్క్రీన్ రాకపోతే...

"మోడెమ్ డయల్ చేస్తోంది, లైన్ కలిసిందని చూపే క్యారియర్ లైటు వెలుగుతోంది, అయినా ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ స్క్రీన్ రావట్లేదు, ఏ సెట్టింగ్ మార్చాలి?" అని అడిగారు. సెట్టింగ్ సంగతి తర్వాత, ముందు కేబుల్ విప్పి చూడండి.

ఈ మెయిన్‌ఫ్రేమ్ లైన్ సింక్రనస్, అంటే రెండు వైపులా ఒకే క్లాక్ తాళానికి నడిచేది. ఇందులో ఒక్కో అక్షరం మొదలు, చివర చెప్పే స్టార్ట్, స్టాప్ బిట్లుండవు. బిట్ ఎక్కడ మొదలైందో చెప్పేది క్లాక్ తీగే. 25 పిన్నుల ప్లగ్గులో 15వ పిన్ పంపే క్లాక్, 17వ పిన్ అందుకునే క్లాక్; రెండూ మోడెమే ఇస్తుంది. 9 పిన్నుల కేబుల్‌లో ఇవి లేనే లేవు, అయినా షాపువాళ్లు "సీరియలే కదండీ" అని అంటగడతారు. 2 నుంచి 8 దాకా, 15, 17, 20 పిన్నులు నేరుగా కలిపిన కేబుల్ కావాలి. పీసీలోని మామూలు కామ్ పోర్టు కూడా పనికిరాదు, ఎస్‌డీఎల్‌సీ (ఐబీఎం వారి సింక్రనస్ లైన్ పద్ధతి) కార్డు ఉండాల్సిందే.

ఆ కార్డు ఏటీ కమాండ్లు, అంటే మోడెమ్‌కి ఇచ్చే ఆదేశాలు, పంపలేదు. అందుకే హేస్ తరహా (ఏటీ కమాండ్లు అర్థమయ్యే) మోడెమ్‌ని ముందు మామూలు పోర్టుకి తగిలించి, ఏటీ&జెడ్0= తర్వాత ఫోన్ నంబరు దాచి, ఏటీ&ఎక్స్0&ఆర్0&ఎస్1&క్యూ2&డబ్ల్యూ ఇవ్వండి. కేబుల్‌ని కార్డుకి మార్చాక 20వ పిన్, అంటే డీటీఆర్ (కార్డు సిద్ధమని చెప్పే సిగ్నల్), లేవగానే మోడెమే డయల్ చేస్తుంది. కాల్ తెంచాలన్నా అదే పిన్ దించాలి, మూడు ప్లస్‌లు కొడితే ఫలితం లేదు. &ఎక్స్1 పెడితే మాత్రం 24వ పిన్ మీద క్లాక్ కార్డే ఇవ్వాలి; ఇవ్వకపోతే ఒక్క బిట్టూ బయటికి పోదు.

అసలు తిప్పలు పెట్టేది ఎన్ఆర్‌జెడ్ఐ, అంటే బిట్లని సిగ్నల్‌గా మార్చే ఒక పద్ధతి. అందుకునే లైటు మిణుకుమంటూనే ఉంటుంది, పంపే లైటు ఉలకదు పలకదు. హోస్ట్, అంటే మెయిన్‌ఫ్రేమ్, ఎస్ఎన్ఆర్ఎమ్ (లింకు మొదలుపెట్టే ఫ్రేమ్) పంపి "ఉన్నావా?" అని అడుగుతూనే ఉంటుంది, కానీ ఒకవైపు ఎన్ఆర్‌జెడ్ఐ, మరోవైపు కాదు అయితే కార్డుకి ఫ్రేమ్ ఆనవాలే దొరకదు. ఎర్రర్ మెసేజీ కూడా ఇవ్వకుండా పారేస్తుంది. ఎన్‌సీపీ (మెయిన్‌ఫ్రేమ్ వైపు లైన్లని నడిపే ప్రోగ్రామ్) లైన్ మాక్రోలో ఎన్ఆర్‌జెడ్ఐ యస్సా నోనా అని హోస్ట్ వాళ్లని అడిగి మీ వైపు అదే పెట్టండి. క్లాకింగ్ ఎక్స్‌టర్నల్‌గా (క్లాక్ మోడెమ్ నుంచి తీసుకునేలా) ఉందో లేదో కూడా అప్పుడే అడిగేయండి. స్టేషన్ అడ్రస్ (హోస్ట్ మీ కార్డుని పిలిచే గుర్తు) తప్పినా లక్షణం ఇదే: అక్కడ సీ1 అని రాసుంటే ఇక్కడా సీ1 ఉండాలి.

కంప్రెషన్ ఆన్ చేస్తే వేగం పెరుగుతుందేమోనని చూడకండి, సింక్రనస్ మోడ్‌లో అది పనిచేయదు. లైన్ 4800 అయితే కార్డుకీ 4800 మాత్రమే.